బాపు గోరు, నా ఎర్రచుక్క

మొన్న మా ఫ్యాక్టరీలో కొత్త మిషనుకు పూజ చేస్తూ, కిరసనాయిలుతో తుడిచిన ఇనుము మీద బంతిపూల దండ వేశారు. ఆ రెండు వాసనలూ కలిసి ముక్కుకు తగలగానే నేను దండం పెట్టకుండానే పక్కకు తప్పుకున్నాను. అందరికీ అది దసరా వాసన. నాకు మాత్రం నేను చేసిన పాపం వాసన.

నార్కట్‌పల్లి దగ్గర హైవే పక్కన మాకొక రేకుల షెడ్డు ఉండేది. వానాకాలం రేకుల మోతకు మాట వినపడేది కాదు, ఎండాకాలం పానా ముట్టుకుంటే అరచెయ్యి చురుక్కుమనేది. బోరుబండ్లు, ట్రాక్టర్లు, మేళ్లచెరువు నుంచి వచ్చే సిమెంటు లారీలు దుమ్ము లేపుకుంటూ ఆగేవి. డ్రిల్లింగు మిషను కింద సుడులు తిరిగి రాలే ఇనుప చుట్టలను గాజులని వేసుకుని నేనూ నా దోస్తులూ మణికట్లు కోసుకునేవాళ్ళం. మా నాన్నను బాపు అంటాం. ఆయన బొటనవేలి గోరు పొడుగ్గా, పసుపుపచ్చగా, కొమ్ములా గట్టిగా ఉండేది. హోలు కొట్టాల్సిన చోట పంచ్‌తో చిన్న గుంట పొడిచి, డ్రిల్లు మొనను కిందికి దించి, మొన గుంటలో కూర్చుందో లేదో ఆ గోరుతో తడిమి చూసేవాడు. "కన్ను అబద్ధమాడ్తది బిడ్డా, గోరు అబద్ధమాడదు" అనేవాడు.

మిషను ఒక్కటే, అన్నదమ్ములు ఇద్దరు: బాపు పెద్ద, చిన్నాయన చిన్న. అందుకని మా తాత ఒక రివాజు పెట్టి పోయాడు. దసరా పూజ అయ్యాక అందరి ముందు బోణీ హోలు పెద్దవాడు కొట్టాలి. అది సరిగ్గా పడితే ఆ ఏడాది మిషను పెద్దవాడిది, తప్పితే చిన్నవాడిది. ఏనాడూ తప్పలేదు. కానీ తెలంగాణ వచ్చిన రెండో ఏటికల్లా వెల్డింగు వెలుగుకు బాపు కళ్ళు మసకబారాయి. అద్దాలతో లాభం లేదన్నాడు డాక్టరు. చిన్నాయన ఆ దసరా కోసం వేళ్ళమీద రోజులు లెక్కబెట్టుకుంటున్నాడు.

నాకప్పుడు పన్నెండేళ్ళు, ఒంటినిండా పొగరు. జాతరలో కొన్న లేజరు లైటును ఇత్తడి గొట్టంలో దూర్చి, చుట్టూ మూడు మరలు బిగించి, వెనక ఒక బోల్టు అతికించి డ్రిల్లు పట్టే చక్కులో బిగించాను. చక్కును చేత్తో తిప్పితే ఎర్రచుక్క మిషను బల్ల మీద సున్నా చుట్టేది. మరలు ఒకటి వదులు చేసి, ఒకటి బిగించి, వారం రోజులు అదే పని. చివరికి ఎంత తిప్పినా చుక్క కదలకుండా నిలబడింది. ఆ చుక్కను పంచ్ గుంట మీదికి తెచ్చి ఇనుప ముక్కను బిగిస్తే చాలు, కళ్ళతో పనే లేదు. బాపు ఆ వెలుగును చూడగలిగాడు. "నిలవడ్డదే!" అని నా నెత్తి నిమిరాడు.

దసరా పొద్దున గుమ్మానికి మామిడాకులు, మిషనుకు బొట్లు, పొయ్యి మీద మటను, నా చేతిలో రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద. బోణీకి బోరుబండి ఆయన చక్రం నడుమ ఉండే మందపాటి ఇనుప దిమ్మ, హబ్బు, తెచ్చాడు. దానికి పొడుగు డ్రిల్లు కావాలి గనుక బల్లను మూరెడు కిందికి దించారు. నేను చుక్కను నిలబెట్టింది బల్ల ఎత్తులో ఉన్నప్పుడు. కిందికి దించాక మళ్ళీ చక్కు తిప్పి చూడాలని నాకు తట్టలేదు. చుక్కను గుంట మీద పెట్టి బిగించాం. లేజరు తీసి డ్రిల్లు వేశాం. బాపు అలవాటుగా మొనను దించి గోరుతో తడిమాడు. ఆగాడు. నావైపు తిరిగాడు.

"చుక్క మీదనే ఉంది బాపు, కొట్టు" అన్నాను నేను, పది మందికీ వినపడేలా.

హ్యాండిలు లాగాడు. హోలు జొన్నగింజంత పక్కకు పడింది. హబ్బు పాడైంది.

"చూసినవానే అమ్మా?" అన్నాడు చిన్నాయన, నవ్వు ఆపుకోకుండా.

మా నాయనమ్మ కన్నకొడుకని కూడా చూడలేదు. "గుడ్డోని చేతికి మిషనిస్తే రేపు వేళ్ళు వోతయ్. చిన్నోనికియ్యిర్రి" అంది.

"అవునే, కండ్లు మసకవడ్డయ్" అన్నాడు బాపు. నేను మలీద నోట్లో పెట్టుకుని నిలబడ్డాను.

మూడో రోజు ఎవరూ లేనప్పుడు బల్ల దించి చక్కు తిప్పాను. నా చుక్క చక్కగా సున్నా చుట్టింది. లేజరు వంకరగా ఉండి, బల్ల ఆ ఎత్తులో ఉన్నప్పుడు మాత్రమే చుక్క సరిపోయిందని అప్పుడు తెలిసింది. చెబితే బాపుకు మిషను తిరిగి దక్కేదేమో. గొట్టాన్ని పాత టైర్ల వెనక దాచేశాను. ఆ రోజు నుంచి బాపు తన షెడ్డులోనే ఇనుప రజను ఊడ్చాడు, చాయ్ మోశాడు. "అన్నా, గిలాసలన్న కనవడ్తున్నయా?" అని చిన్నాయన అడిగితే షెడ్డుకొచ్చిన గిరాకులు పగలబడి నవ్వేవాళ్ళు. థూ, ఆ నవ్వుల్లో తలొంచుకుని నేనూ అన్నం తిన్నాను.

షెడ్డు ఇప్పుడు లేదు. మిషనును చిన్నాయన పాత ఇనుముకు అమ్మేశాడు. అక్కడ హోటలు కట్టారు, దాని ముందు కార్లు ఆగుతాయి. బాపు నాతోనే ఉంటాడు. పూజ నుంచి ఇంటికొచ్చిన సాయంత్రం ఆయన ముందు కూర్చుని అంతా చెప్పేశాను.

"ఎర్కనే" అన్నాడు. "మొన గుంటల లేదని గోరు గప్పుడే చెప్పింది. గంత మందిల నా బిడ్డ మాట ఎట్ల కాదంట?"

"మరి ఇన్నేండ్లు ఒక్క మాటన్న అనలేదేంది బాపు?"

"నువ్వే చెప్తవని చూసిన."

చెయ్యి చాపాడు. ఆదివారం ఆదివారం ఆయన గోళ్ళు తీసేది నేనే. బొటనవేలి గోరు ఇప్పుడు మెత్తబడింది, కత్తెర పెడితే చప్పుడు కూడా రాదు.