వెనక్కి నడిచే ఎద్దు

ఆరో తరగతిలో మా ఇంగ్లీషు అయ్యవారు 'బ్యాక్' అనే మాట బోర్డు మీద రాసి వెనక్కి, వీపు, తిరిగి అని మూడు అర్థాలు చెప్పారు. దానికి ఎదురు మాట 'ఫార్వర్డ్' అన్నారు. ఎవరైనా ఒక వాక్యం చెప్పండి అంటే నేను లేచి "మా ఎద్దు బ్యాక్ వస్తుంది" అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. ఎద్దును అమ్మి అప్పటికి వారమే అయింది. నాకు కావలసింది వాక్యం కాదు, ఎద్దు.

అది బావిలో నీళ్లు తోడే కపిలకు కట్టే ఎద్దు. మా బావి గట్టు నుంచి వాలుగా దిగే బాట ఒకటి ఉండేది. ఎద్దులు మోకు లాగుతూ ఆ వాలులో ముందుకు నడిస్తే, తోలుబాన నీళ్లతో పైకొచ్చేది. నీళ్లు కాలవలో పడ్డాక ఎద్దులు వెనుదిరగకుండా, అలాగే వెనక్కి నడుచుకుంటూ గట్టెక్కాలి. అప్పుడే బాన మళ్లీ బావిలోకి దిగుతుంది. వాలు చివర నాయన "హోయ్, రా ఎనక్కి" అని సాగదీసి పిలిచేవాడు. కొన్నేళ్లకు ఆ పిలుపు కూడా అక్కర్లేకపోయింది. సరిగ్గా ఇరవై అడుగులకు మా ఎద్దు దానంతట అదే ఆగేది. లెక్కల్లో నాకంటే అదే నయం.

వరసగా రెండేళ్లు వానల్లేవు. బావి ఎండింది. జతలో ఒక ఎద్దు గడ్డి లేక చచ్చిపోయింది. మిగిలినదాన్ని నాయన ఉరవకొండ దిక్కు బండివాడికి అమ్మాడు.

నేను వాక్యం చెప్పిన మర్నాడే బండివాడు ఎద్దును తోలుకుని మా ఇంటికొచ్చాడు. నా గుండె ఎగిరి గంతేసింది.

"ఏమప్పా, బలే ఎద్దునిచ్చినావే! ఇరవై అడుగులు పోతాది, నిలబడతాది, ఎనక్కి నడస్తాది. నిన్న బండి గుంతలో పడింది."

"దాని తప్పేమీ లేదన్నా. మేం నేర్పిందే అది చేస్తాండాది" అన్నాడు నాయన.

"అయితే నీ ఎద్దును నువ్వే పెట్టుకో, నా దుడ్లు నాకియ్యి."

"నాయనా, పెట్టుకుందాం" అన్నాను.

నాయన నా దిక్కు చూడలేదు. "గడ్డి యాడుండాది మ్మా?" అని, బండివాడితో "దుడ్లు అప్పుడే జొన్నలకైపోయినాయి. నేనే వచ్చి దానికి ఆ అలవాటు మాన్పిస్తా పదన్నా" అన్నాడు. ఎద్దును తోలుకుని వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. ఆ రోజు నాయనంటే నాకు పట్టరాని కోపం వచ్చింది.

నాయన ఐదు రోజులకు తిరిగొచ్చాడు. వీపంతా కమిలిపోయి ఉంది. అమ్మ ఆముదం రాసి కాపడం పెడుతుంటే చెప్పాడు. బండి కట్టకుండా తోలుతూ, ఎద్దు ఆగినప్పుడల్లా దాని వెనక్కి పోయి, తన వీపును దానికి ఆనించి, కాళ్లు తన్నిపట్టి నిలబడ్డాడట. వెనక్కి దారి లేదని దానికి తెలిసేదాకా.

"ఇప్పుడు ముందుకే పోతాది. కానీ పిలుపు మాత్రం మర్సిపోలేదు. బండి మన ఈదిలోకొస్తే పిలవద్దు మ్మా. పిలిస్తే ఎనక్కొస్తాది, దెబ్బలు తింటాది" అన్నాడు నాతో.

శనక్కాయల మూటలతో ఆ బండి మా వీధికి రానే వచ్చింది. నేను గడపలో నిలబడి ఉన్నాను. మా ఎద్దు నుదుటి మీది తెల్లమచ్చ దూరం నుంచే కనబడింది. మా ఇంటి ముందుకు రాగానే ఎద్దు ఆగింది. చెవులు మా దిక్కు తిప్పింది. అది దేనికోసం ఆగిందో నాకు తెలుసు. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. కళ్ల నీళ్లు వేళ్ల మీదుగా కారిపోతున్నాయి. బండివాడు తోక మెలిపెట్టాడు. ఎద్దు ముందుకు నడిచింది.

ఆ ఎద్దు కావాలని ఈ వయసులోనూ నాకు అనిపిస్తుంది. దానికి గడ్డి ఎక్కడిదని అడిగితే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

బండి మలుపు తిరిగాక ఇంట్లోకి చూశాను. నాయన గోడకు వీపు ఆనించి, తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని నిలబడి ఉన్నాడు.