ఆగు అన్నాను... ఆగే అనలేదు

మా చిన్నప్పుడు... బర్నవాపారా అడవిలో ఒక దిగుడు పైన పదకొండు సైకిళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. కింద మలుపు దగ్గర నేనొక్కదాన్నే. ఎనిమిదో తరగతి, రెండు జడలు, నాన్న పాత సైకిలు.

ఎనభైల సంగతి ఇది. మాది రాయపూర్ రైల్వే కాలనీ. నాన్న గూడ్సు గార్డు, సొంతూరు పలాస పక్కన. మా పీటీ సారు చలికాలం సెలవుల్లో పిల్లల్ని సైకిల్ టూరుకి తీసుకెళ్లేవారు. మొదటి రోజు ఆరంగ్‌లో బస. తెల్లారి మహానది వంతెన దాటి, పటేవా దగ్గర ఎడమకి తిరిగితే ఎర్రమట్టి దారి... టేకు చెట్లు, సాల చెట్లు, ఒక ఎక్కుడు, ఒక దిగుడు. అప్పట్లో గేర్లెక్కడివి? ఎక్కుడు వస్తే దిగి తోసుకుంటూ నడవడమే. అరచేతులు బొబ్బలెక్కేవి. అయినా ఆ ఎండుటాకుల వాసన తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం అటే లాగుతుంది.

సారుది ఒక పద్ధతి ఉండేది. దిగుడు వస్తే అందరూ పైనే ఉండాలి. పైలట్ ఒక్కరే కిందకి వెళ్లి దారి చూడాలి. బాగుంటే "ఆగే" అని అరవాలి... అంటే ముందుకు రండని. బాగోకపోతే "రుకో"... అంటే ఆగమని. ఆ టూరుకి పైలట్‌ని నేను. తప్పు లేకుండా తిరిగొస్తే వేసవిలో పచ్‌మఢీ కొండల టూరుకీ నువ్వే అని సారు మాటిచ్చారు. నేను కాకపోతే ఆ అవకాశం మనోజ్‌ది.

మనోజ్ మా పక్క క్వార్టరు వాడు. వాళ్లింట్లో హిందీయే గానీ, వాడు పెరిగిందంతా మా వంటింట్లో. అమ్మ ఉప్మా దించీ దించగానే చేతులైనా కడుక్కోకుండా పళ్లెం లాక్కునేవాడు. "ఆగు, ఆగరా" అంటూ వాడి చేతిమీద రోజుకి పదిసార్లు కొట్టేది అమ్మ.

ఆ దిగుడు చివర, దారి కింద నీళ్లు పోయే చిన్న మోరీ... వానలకి సగం కొట్టుకుపోయి ఉంది. అది చూసి నేను వెనక్కి తిరిగేసరికి, పిలవకుండానే మనోజ్ బయల్దేరిపోయాడు. ఆ కంగారులో రుకో గుర్తుకు రాలేదు, ఇంటి మాటే నోట్లోంచి వచ్చేసింది. "ఆగు... ఆగు..." అని గొంతు చించుకున్నాను. వాడు తలెత్తి నన్ను చూశాడు. నవ్వి, ఇంకా గట్టిగా తొక్కాడు.

వెళ్లి మోరీలో పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది, ముందు చక్రం వంకర తిరిగింది.

సారు పరుగెత్తుకొచ్చారు. అప్పటిదాకా పైన ఎవరిదో చైను ఎక్కిస్తున్నారట, నా అరుపు విన్నారు తప్ప ఏమీ చూడలేదు. ఆయనకీ, పైనున్నవాళ్లందరికీ "ఆగే" అనే వినబడింది. ఆగు అంటే మా భాషలో రుకో అని సారుకి చెప్పాను, ఏడుస్తూ మళ్లీ చెప్పాను. ఆయన మనోజ్ వైపు తిరిగి, నీకు వీళ్ల తెలుగు తెలుసా అని అడిగారు.

"నహీ సార్. ఇన్‌కీ అండూ-గుండూ మై క్యా జానూ? ఇస్‌నే ఆగే బోలా."

వీళ్ల అండూ గుండూ భాష నాకేం తెలుసు, ఇదే ముందుకి రమ్మంది... అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. రక్తం కారుతున్న చెయ్యి పట్టుకుని వాడూ నవ్వాడు. సారు నన్ను వరసలో ఆఖరికి పంపేశారు. పచ్‌మఢీ ఆశ ఆ మోరీ దగ్గరే పోయింది. తిరుగుదారంతా అందరి సైకిళ్ల దుమ్మూ నేనే మింగాను.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ భగ్గుమంది. ఆ గుంటడికి తెలుగు రాదేటి, మొన్న ఇంకో గరిటెడు ఎయ్యమని నన్ను తెలుగులోనే కదా అడిగాడు అంది. ఆ మాటే సారుకి చెప్పి రమ్మని నాన్నని పంపింది. నేను గుమ్మంలో కూర్చుని ఎదురు చూశాను.

నాన్న వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చారు.

"జెండా పట్టుకున్నోడిదే తప్పమ్మా. అక్కడ నీకు తెలుగెందుకు?" అన్నారు. పరాయి ఊళ్లో మాట పెంచుకోకూడదట. అంతకంటే ఘోరం, వాడికి నిజంగానే ఆగే అని వినబడి ఉంటుందని ఆయన నమ్మేశారు. నాన్న పోయేదాకా ఆ నమ్మకం పోలేదు.

మరుసటి ఆదివారం మనోజ్ చేతికి కట్టుతో వచ్చి మా వంటింట్లో కూర్చున్నాడు. అమ్మ వాడికి ఉప్మా పెట్టింది. తిండి దగ్గర పగేటే అని నన్నే కసిరింది. నేను నా పళ్లెం వదిలేసి లేచిపోయాను. వేసవిలో వాడు పైలట్‌గా పచ్‌మఢీ వెళ్లొచ్చి, అక్కడి లోయల గురించి మా అరుగు మీద కూర్చునే చెప్పాడు. నేను తలుపేసుకున్నాను.

పోయిన ఏడాది రాయపూర్‌లో ఒక పెళ్లిలో కనబడ్డాడు. బట్టతల, బానపొట్ట. బంతిలో పదిమంది వింటుండగా, అచ్చం మా అమ్మ యాసలో...

"నువ్వు ఆగమన్నావు. నాకినబడింది. పచ్‌మఢీకెళ్లాలని అలగ అనేసినాను."

అందరూ నవ్వారు. వాడికి అదొక సరదా కబురు. నాకు మాత్రం ఆ మాట వినాల్సిన నాన్న లేరు. విస్తరి ముందునుంచి లేచి వచ్చేశాను. పెద్దరికం లేదని వెనక ఎవరో అన్నారు... అననీ.

ఇప్పుడు ఆ అడవికి తారు రోడ్డు పడిందట, అందరూ కార్లలో వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేస్తున్నారట. అమ్మా, పచ్‌మఢీ కూడా చూపిస్తాం రా అంటారు మా పిల్లలు. కారులో చూడ్డానికా నేను ఏడ్చింది?

మీ చిన్నప్పుడు చెయ్యని తప్పు మీ మీద వేసినవాళ్లుంటే కింద రాయండి, అన్నీ చదువుతాను. క్షమించెయ్యమని మాత్రం నాకెవరూ చెప్పకండి.