కుడివైపు కింది మూల

ప్రూఫ్ రీడరుగారికి అచ్చయిన ఏ అక్షరం మీదా నమ్మకం లేదు. అద్దాల మీద అసలే లేదు. పాలపుంత మొత్తాన్ని ఒక్క ఫొటోలో పట్టాలని ఆయన కోరిక. అందుకు కెమెరా లెన్సు కొనాలా, చిన్న టెలిస్కోపు కొనాలా అన్నది మూడు నెలలుగా తేలలేదు. నల్ల అట్టకు సూదితో బెజ్జాలు పొడిచి, దాన్ని సంచిలో వేసుకుని, భార్యను వెంటబెట్టుకుని షాపులు తిరుగుతున్నారు. అట్టను షాపు కిటికీకి ఆనించి, వెలుగుతున్న బెజ్జాలనే చుక్కలనుకుని ఫొటో తీస్తారు. ఆ తర్వాత కంటికి భూతద్దం పెట్టి, అచ్చుతప్పు వెతికినట్టు ఆ ఫొటో నాలుగు మూలలూ గాలిస్తారు.

“లెన్సయితే ఆకాశం ఎక్కువ పడుతుంది సార్. టెలిస్కోపయితే తక్కువ పడినా చుక్క చుక్కలా ఉంటుంది. ఏదిమ్మంటారు?” అన్నాడు మూడో షాపతను.

రెండూ తన కెమెరాకు బిగించి చూశారు. రెండింట్లోనూ కుడివైపు కింది మూలన చుక్కలకు తోకలు మొలిచాయి.

“చూశావా? షాపులవాళ్లంతా కుమ్మక్కయ్యారు. చెడిపోయిన సరుకంతా నాకే అంటగడుతున్నారు,” అని భార్య చెవిలో గొణిగారు.

“మూడు షాపుల్లోనూ అదే మూలండీ. లెన్సులు మారాయి, టెలిస్కోపులు మారాయి. మారనిది మీ కెమెరా ఒక్కటే కదా?”

పదకొండేళ్లనాటి కెమెరాను ఆయన తిప్పి తిప్పి చూశారు. లెన్సు బిగించే రింగు ఒక పక్కకు వెంట్రుకవాసి ఒరిగి ఉంది. ఆయన కెమెరాను బల్ల మీద పెట్టి, భూతద్దం కంటినుంచి తీయకుండానే భార్య వైపు తిరిగారు.

“ఈ సంగతి నీకెప్పట్నుంచి తెలుసు?”

“మొదటి షాపు నుంచి. అప్పుడే చెబితే నన్నూ వాళ్లలో కలిపేసేవారుగా!”