నాయన పక్కన మిగిలిపోయిన చోటు

మొన్న ఆదివారం ప్రొద్దుటూరులో మా చర్చికి ఎన్నికల్లో నిలబడిన పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఇదేమీ కొత్త కాదు, ఓట్లు దగ్గరపడేకొద్దీ మసీదు దగ్గర టోపీ పెట్టుకొని, గండికి పోయి ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించి, మా దగ్గర చేతులు జోడించి, ఒకే వారంలో అందరు దేవుళ్లనూ చుట్టి వచ్చే ఓపిక వాళ్లకు ఎప్పుడూ ఉంది. ఈయన మాత్రం మెడలో పార్టీ కండువాతోనే లోపలికి వచ్చి, పాస్టరు అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆపి పిలిస్తే నేరుగా ప్రభువు విందు పంచే సంస్కారపు బల్ల పక్కన నిలబడి, మన ఓట్లన్నీ ఒకే తాటి మీద ఉండాలని గట్టిగా మాట్లాడాడు. జనం చప్పట్లు కొట్టారు. డెబ్బై దాటిన దాన్ని, మోకాళ్ల నొప్పులదాన్ని, మెల్లగా లేచి బయటికి వచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే, గేటు దగ్గర ఒకతను నవ్వుతూ "ఏం టీచరమ్మా, మీది ఆ పార్టీ కాదా" అని అడిగాడు. నాకు చిన్నప్పటినుంచీ నోరెక్కువ అని పేరు, అయినా చెప్పులేసుకొని తల వంచుకొని వచ్చేశాను. ఇంటికి వచ్చి అన్నం తినబుద్ధి కాక పడుకుంటే రోజంతా నాయనే గుర్తుకొచ్చాడు.

మాది ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో పెన్న ఒడ్డున ఒక పల్లె. ఆ రోజులు చూసినవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు, మా పల్లెలోనూ రెండు పార్టీలు ఉండేవి. పైన హైదరాబాదులో పార్టీల పేర్లు మారేవి, జెండాలు మారేవి, పల్లెలో మాత్రం అవే రెండు. ఎవరి చేను చేస్తే వాళ్ల పార్టీ, ఎవరి వీధిలో ఉంటే వాళ్ల పార్టీ, పుట్టిన బిడ్డకు పేరు పెట్టకముందే పార్టీ ఉండేది. మాది పై వీధి. ఆ వీధి పార్టీని నడిపే పెద్దాయన శనగ చేలన్నీ మా నాయనే చూసుకునేవాడు. నా చిన్నతనంలో జ్వరం ముదిరి కళ్లు తేలేస్తే, వాగు పొంగిపొర్లుతున్న రోజున, ఆ పెద్దాయనే తన జీపులో నన్నూ అమ్మనూ ఎక్కించుకొని జమ్మలమడుగు ఆసుపత్రికి చేర్చాడని మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. నాయన ఆయన మాటకు ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు.

కింది వీధి అవతలి పార్టీది. రెండు వీధులకూ మధ్యన, ఎప్పుడో దొరల కాలంలో కట్టిన మా చర్చి ఉండేది. రెండు వీధుల్లోనూ మా మతంవాళ్లు ఉండటంతో ఆదివారం వచ్చేసరికి పెద్ద చిక్కే. బయట ఎదురుపడితే మొహం తిప్పుకునేవాళ్లు లోపల ఒకే పాట పాడాలి. అందుకని ఎవరు పెట్టారో గాని ఒక కట్టుబాటు ఉండేది, పార్టీ తువ్వాళ్లూ, కొందరి నడుముల్లో ఉండే బాకులూ బయట అరుగు మీద పెట్టి లోపలికి రావాలి. మరీ ముఖ్యంగా నెలకొకసారి వచ్చే సంస్కారపు ఆదివారం, బల్ల ముందు వచ్చినవాళ్లు వచ్చినట్టు వరసగా మోకాళ్లూనాలే గాని పక్కన ఎవరున్నారని చూసుకోకూడదు. అయ్యగారు ద్రాక్షరసం ఉన్న ఒకే గిన్నె పట్టుకొని ఒకరి తర్వాత ఒకరికి అందించేవారు. మనసులో ఒకరి మీద కుట్ర పెట్టుకొని ఆ గిన్నె ముట్టుకుంటే శిక్ష కొనితెచ్చుకున్నట్టేనని మా పెద్దలు భయపడేవారు. నాయన మా చర్చికి సంఘపెద్ద, గంట కొట్టేదీ ఆయనే, ఆ భయం ఆయనకు ఇంకా ఎక్కువ.

నేను ప్రొద్దుటూరులో టీచరుగా కొత్తగా చేరిన రోజుల్లో, బస్సు ఆగే మలుపు దగ్గర పెద్దాయన తమ్ముడిని బాంబులేసి చంపేశారు. పక్క చేలో కలుపు తీయిస్తున్న నాయన చప్పుడు విని అందరికంటే ముందు పరుగెత్తాడు. పొగ, దుమ్ము, మొహాలకు గుడ్డలు కట్టుకొని పారిపోయే మనుషులు, అంతే ఆయన చూసింది. ఆ మనిషి నాయన ఒళ్లోనే ప్రాణం వదిలాడు. తను ఎత్తుకొని తిప్పిన పిల్లవాడాయె, నాయన చాలా రోజులు సరిగా అన్నం తినలేదు.

కేసులో పెద్దాయన మనుషులు చాలా పేర్లు రాయించారు. చేసినవాళ్లతో పాటు చేయనివాళ్ల పేర్లూ కలపడం అప్పటి పద్ధతి, అవతలి పార్టీలో పనికొచ్చే మగవాళ్లందరూ కోర్టుల చుట్టూ తిరుగుతుంటే ఇవతలివాళ్లకు నిమ్మళం. రెండు పార్టీలూ అదే చేసేవి, ఒకరిని అని లాభం లేదు. అట్లా రాయించిన పేర్లలో కింది వీధి మేస్త్రి పేరు ఒకటి. గోడలు కట్టుకొని బతికే మనిషి, మా చర్చికి సున్నం కొట్టేది కూడా అతనే. కళ్లారా చూసిన సాక్షిగా మా నాయన పేరు రాశారు.

కోర్టు వాయిదా దగ్గరపడగానే వకీలు గుమాస్తా పెద్దాయన ఇంటికి వచ్చి నాయనకు సాక్ష్యం నేర్పించాడు. ఎక్కడ నిలబడి చూశావు, మేస్త్రి ఏ చేత్తో బాంబు విసిరాడు, వాడి చొక్కా ఏ రంగు, అంతా మా బడిలో ఎక్కాలు వల్లెవేయించినట్టే. నేను శనివారం బస్సుకు ఇంటికి పోయేసరికి నాయన ఎద్దులకు మేత వేస్తూ అదే గొణుక్కుంటున్నాడు. అమ్మ చేట పక్కన పెట్టి, "నిజంగా నువ్వు చూసినావా ఆ మేస్త్రిని" అని అడిగింది. నాయన ఎద్దుల ముందు ఇంకో పిడికెడు మేత వేశాడు. తర్వాత, "ఆ పిల్లోడు నా ఒళ్లో పాయె. ఇంగ నేను చూసిందేంది, చూడందేంది" అన్నాడు.

మరుసటి రోజు సంస్కారపు ఆదివారం. నాయన గంట కొట్టి వచ్చి బల్ల ముందు మోకాళ్లూనాడు. ఆడవాళ్ల వైపు నుంచి నేను చూస్తూనే ఉన్నాను, వరసలో మిగిలిన ఒక్క సందులోకి మేస్త్రి వచ్చి సరిగ్గా నాయన పక్కనే మోకాళ్లూనాడు. ఇద్దరూ కళ్లు మూసుకొనే ఉన్నారు. అయ్యగారు గిన్నె పట్టుకొని ఒక్కొక్కరినీ దాటుకుంటూ వస్తున్నారు. నాయన దాకా రాగానే ఆయన కళ్లు తెరిచి, తల అడ్డంగా ఊపి, లేచి, అందరి మధ్యలోంచి నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. పాట ఆగలేదు గాని పాడేవాళ్లందరూ ఆయన వైపే చూశారు. మేస్త్రి ఒక్కడే తల ఎత్తలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

ఆ వారంలోనే ప్రొద్దుటూరు కోర్టులో వాయిదా. బడికి సెలవు పెట్టి నేనూ కోర్టుకు పోయాను. పెద్దాయన జీపులో నాయనను తెచ్చారు, ఇస్త్రీ చొక్కా కూడా వాళ్లే వేయించారు. బోనులో నిలబడ్డాక దేవుడి ఎదుట నిజమే చెప్తానని అందరూ గబగబా అనేసే మాటే నాయనతోనూ అనిపించారు. ఆ కోర్టులో ఆ మాట అని అబద్ధం చెప్పనివాళ్లు తక్కువే అయివుంటారు. నాయన మాత్రం ఆ మాట ఒక్కో ముక్కా విడదీసి అన్నాడు. వకీలు గుచ్చి అడిగితే, "మొగాలకు గుడ్డలు కట్టుకోనుండ్రి సామీ. ఎవరో నేను చూడల్యా" అన్నాడు. మేస్త్రిని చూపించి మళ్లీ అడిగారు. "నేను చూడల్యా సామీ" అన్నాడు. ఇంకెన్ని విధాల అడిగినా అదొక్కటే. నాకు కలిగింది సంతోషమో భయమో నాకే తెలియలేదు.

బయట పెద్దాయన జీపు దగ్గర నిలబడి ఉన్నాడు. తిడతాడని, కొట్టిస్తాడని నేను భయపడ్డాను. ఆయన ఏమీ చేయలేదు. "నీ బిడ్డకు జరమొచ్చిన పొద్దు నువ్వు ఏ దేవుని మనిషివని నేను అడిగినానా" అని మాత్రం అని జీపు ఎక్కాడు. నాయనను తెచ్చిన జీపు నాయనను వదిలేసి పోయింది. ఇద్దరం బస్టాండు దాకా నడిచాం. బంగారు అంగళ్ల వీధిలో జనం మధ్య నాయన చిన్నపిల్లవాడిలా నా కొంగు పక్కనే నడిచాడు. బస్సు కోసం కూర్చున్నాక, "పెద్దాయన అన్యాయమేం మాట్లాడల్యా పాపా" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

శనగ చేలు పోయాయి. నాయనను ముట్టుకోవద్దని పెద్దాయనే తన మనుషులకు చెప్పాడట, కాబట్టి ఎవరూ చెయ్యి చేసుకోలేదు, పలకరించనూ లేదు. అవతలి పార్టీ దగ్గర దుడ్లు తీసుకొని మాట తిప్పాడని పై వీధంతా అనుకున్నారు. భయపడి అమ్మా నాయనా పులివెందులలో మా మామ ఇంటికి పోతే, ఆ మామకు అక్కడి నాయకుడి దగ్గర పని, ఆ నాయకుడికీ మా పెద్దాయనకూ స్నేహం. పాపం మామ ఒక పూట మంచి భోజనం పెట్టి, "బావా, నీకు తెలీందేముంది" అని తల వంచుకున్నాడు. మళ్లీ పల్లెకే వచ్చేశారు.

కేసు కొట్టేశాక ఒక సాయంత్రం మేస్త్రి తన భార్యను వెంటబెట్టుకొని మా గడపలోకి వచ్చాడు. అప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. అతను నోరు తెరవకముందే నాయన లేచి అడ్డం నిలబడి, "నా ఇంటికి రావాకప్పా. నువ్వొస్తే నేను చెప్పింది అమ్ముకున్న మాటైతాది" అన్నాడు. మేస్త్రి కళ్లనీళ్లు పెట్టుకొని అట్లే తిరిగిపోయాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

ఆ ఏళ్లలో నా మనసుకు తగిలిన దెబ్బ చర్చిలోది. సంస్కారపు ఆదివారం నాయన వచ్చి మోకాళ్లూనేవాడు, ఇప్పుడు గిన్నె తీసుకునేవాడు, కాని ఆయనకు అటూ ఇటూ ఎవరూ వచ్చేవాళ్లు కాదు. పై వీధివాళ్లు కోపంతో రారు. కింది వీధివాళ్లు వస్తే నాయన వాళ్ల మనిషైపోయాడంటారని రారు. కొత్తగా వచ్చిన అయ్యగారు తెలియక దగ్గరగా జరగండని చెప్తే కొంచెం కదిలినట్టు కదిలి ఆగిపోయేవారు. అమ్మ పోయాక ఆయన మరీ ఒంటరివాడయ్యాడు. ప్రొద్దుటూరుకు రమ్మంటే ససేమిరా అనేవాడు, తను వచ్చేస్తే తప్పు చేసి పారిపోయాడంటారని. నేను శనివారం పోతే వారమంతా దాచిపెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా మాట్లాడేవాడు, ఎద్దు కుంటుతున్న సంగతి, శనగలకు తెగులు వచ్చిన సంగతి. తనవి కాని శనగలు. పెద్దాయన జీపు మా ఇంటి ముందుకు రాగానే నిదానమయ్యేది, నాయన అరుగు మీద లేచి నిలబడేవాడు, జీపు ఆగకుండా సాగిపోయేది. అది చూసిన రోజున నాకు పెద్దాయన మీద కూడా జాలేసింది. నాయన పోయినప్పుడు ఆయనను సమాధి తోటకు మోసింది నాతో పనిచేసే టీచర్లే.

తర్వాత కాలం మారిపోయింది. పెద్దాయన కొడుకు, అవతలి నాయకుడి కొడుకు ఒకే పార్టీలో చేరి ఒకే వేదిక మీద దండలు మార్చుకున్నారు. దానికి కొన్నాళ్లకు ముసలివాడైపోయిన మేస్త్రి ఆటోలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కాఫీ ఇస్తే చల్లారిపోయేదాకా చేతిలోనే పట్టుకొని కూర్చున్నాడు. "ఇప్పుడు యాడికి పోయినా ఎవరూ ఏమనరని వచ్చినా పాపా. సంస్కారమొచ్చినప్పుడల్లా ఆయప్ప పక్కన మోకాళ్లూనాలని లేయబోతుంటి. వద్దన్నాడు గదా అని శానా ఓర్చుకుంటి" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు మా పల్లెలో ఎవరింటికైనా ఎవరైనా పోవచ్చు, పై వీధి పెళ్లిలో కింది వీధివాళ్లు వడ్డిస్తున్నారని విన్నాను. మంచిదే, చల్లగా ఉండనీ. కాని వాళ్లు అంత సులువుగా కలిసిపోగలిగినప్పుడు మా నాయన బతికుండగా ఒక్కరంటే ఒక్కరు ఆ గడప తొక్కి, ఆయనతో ఒక పూట కూర్చొని మంచినీళ్లు తాగి ఉండకూడదా అని నాకు ఉక్రోషం వస్తుంది. మేస్త్రి కూడా పోయాడు. పెద్దాయనా పోయాడు. ఈ సంగతి తెలిసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను, చెప్పుకుందామంటే పక్కన ఎవరూ లేరు.