రెండోదే మంచిగున్నది

మా ఇంట్లో ఆదివారం సాయంత్రం ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ హాలు మధ్యకు వచ్చిందంటే నాకు చిరాకు మొదలయ్యేది. అది నా కుర్చీ. నేల మీద సుద్దముక్కతో నాలుగు గుర్తులు పెట్టి ఉండేవి. కుర్చీ కాళ్ళు సరిగ్గా వాటి మీదే ఉండాలి. ఎదురుగా గోడ నుంచి గోడకు కట్టిన తీగ మీద నా పాత నేతచీర పరదాలా వేలాడేది. దాని వెనక ఏముందో నేను చూడకూడదు. చూస్తే తీర్పు చెడిపోతుందని మా ఆయన వాదన.

మాది మట్టెవాడలో కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. ఆయనకు దుకాణం కన్నా పాత స్పీకర్ల మీద పిచ్చి ఎక్కువ. ఎవరింట్లోనో పాత రేడియో మూలన పడి ఉందన్నా, ఎవరో పెళ్ళిళ్ళ మైకుసెట్టు వ్యాపారం ఎత్తేస్తున్నారన్నా, తక్కెడ నా చేతికిచ్చి స్కూటరు తీసేవాడు. బియ్యం బస్తా కట్టుకురావలసిన బండి మీద చెక్క డబ్బాలు కట్టుకొచ్చేవాడు. వాటి అంచుల్లో నురుగు రబ్బరు ఎండిపోయి పొడిపొడిగా రాలేది. ఊడ్చుకోవడం నా వంతు.

ఈ పిచ్చిలో ఆయనకు తోడు ఒకాయన ఉన్నాడు. పాలిటెక్నిక్‌లో రేడియో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, హన్మకొండ నుంచి వస్తాడు. మా ఆయన్ని బావ అంటాడు, నన్ను చెల్లె అంటాడు. నేను అన్నా అంటాను. ఆదివారం మధ్యాహ్నం నేను దుకాణంలో ఉంటే వెనక గదిలో వీళ్ళిద్దరి పోలికలు నడిచేవి. ఈ ఆంప్లిఫయర్‌కు ఆ స్పీకర్లు, ఆ ఆంప్లిఫయర్‌కు ఈ స్పీకర్లు. గాజుబుడ్ల వాల్వులు వేడెక్కితేనే మోగే పాతరకం ఆంప్లిఫయర్ ఒకటి, ట్రాన్సిస్టరుది ఒకటి. కొంచెం గట్టిగా మోగేదే మనిషి చెవికి మంచిగా అనిపిస్తుందట. అందుకని ముందు మీటరు పెట్టి రెంటినీ సమానం చేసేవాళ్ళు. నేను శనగపప్పు తూచినంత జాగ్రత్తగా చేసేవాళ్ళు. ఆ తర్వాత పోట్లాట.

"వాల్వులది మెత్తగున్నది బావా. తీగ మన పక్కన కూసోని మీటినట్టే ఉన్నది."

"మెత్తగుంటె ఏం జేస్కుంట? పప్పా తినెటందుకు? ట్రాన్సిస్టరుది ఇను. గీత గీసినట్టు ఇనవడ్తాంది."

వాళ్ళు ఎప్పుడూ ఒక్కటే రికార్డు పెట్టేవాళ్ళు, ఒక వీణ రికార్డు. అందులో లావు తీగ మోగినప్పుడల్లా దుకాణంలో బిస్కట్ల డబ్బా మూత జుయ్యిమనేది. మూత జుయ్యిమన్నదంటే లోపల మంచి స్పీకరు పెట్టారని నాకు తెలిసిపోయేది. సంగీతంలో నా చదువు అంతే.

సాయంత్రం అన్న వెళ్ళిపోయాక నా వంతు వచ్చేది. ఆయన స్వయంగా చేసుకున్న చిన్న చెక్కపెట్టె ఒకటి ఉంది. పరదాకు ఇవతల, రికార్డు ప్లేయరు పక్కన ఉండేది. దానికి ఒక్కటే మీట. ఎడమకు తిప్పితే ఒకటి, కుడికి తిప్పితే రెండు.

"జర కూసోవే. ఏది మంచిగున్నదో చెప్పు. నీ చెవులు పాడుగాలె, ఇవి ఇని ఇని మావే పాడైనయి" అనేవాడు.

నేను కూర్చునేదాన్ని. మనసేమో పొయ్యి మీద. మొదటిది అయిపోయేసరికి అర గంట, మళ్ళీ అదే వీణ రెండోసారి. అప్పుడు అడిగేవాడు. నేను ఎప్పుడూ ఒక్కటే చెప్పేదాన్ని.

"రెండోదే మంచిగున్నది."

పెళ్ళయిన కొత్తలో ఒకసారి మొదటిది అన్నాను. "నిజంగనా? మళ్ళ ఒకసారి ఇను" అని మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. దాంతో బుద్ధొచ్చింది. రెండోది అంటే లేచిపోవచ్చు. అట్లా నా నోటి మాట మీద ఎన్ని డబ్బాలు ఇంట్లో ఉన్నాయో, ఎన్ని బయటికి పోయాయో నాకే తెలియదు. ముందువైపు నల్లబట్ట కట్టిన జత ఒకటి పోయినప్పుడు అన్న నెల రోజులు దాని గురించే మాట్లాడాడు. "చెల్లె తీర్పు చెప్పినంక ఇగ అప్పీలు లేదు" అని నవ్వేవాడు. నాకు లోపల బెరుకుగా ఉండేది. మా ఆయనకు మాత్రం నిజం చెప్పలేదు.

ఆఖరి ఆదివారం కూడా కుర్చీ వేశాడు. ఆ మధ్యాహ్నం అన్న తన వాల్వుల సెట్టును పోలిక కోసం తెచ్చి ఇక్కడే వదిలి వెళ్ళాడు. మా ఇంట్లో ట్రాన్సిస్టరుది ఉంది. రెంటిలో ఏది ఏ వైపు పెట్టాడో ఆయనకే తెలుసు. మొదటిది సగమైందో లేదో, కిటికీలోంచి చూస్తే మబ్బు పట్టింది. మేడ మీద మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. లేచాను.

"యాడికే? ఇంక రెండోది పెట్టనేలే."

"పెట్టినా గదే అంట. రెండోదే మంచిగున్నది పోండ్రి."

ఆయన నవ్వాడు. నేను మేడెక్కి మిరపకాయలన్నీ గోనెసంచిలోకి ఎత్తాను. వాన రాలేదు.

బుధవారం పొద్దున దుకాణం షట్టరు ఎత్తుతూ కూలబడ్డాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. ఆ మధ్యలోని రెండు రోజులు మేం ఏం మాట్లాడుకున్నామో ఎంత తవ్వినా గుర్తుకు రావడం లేదు. ఉప్పు, పాలు, చిల్లర, ఇవే అయ్యుంటాయి. గుర్తున్న ఆఖరి మాట మాత్రం అదే, వినకుండా చెప్పిన ఆ మాట.

నాకు ఏడుపు రాలేదు. ఈ సంగతి పదిమందిలో చెప్పుకునేది కాదు, అయినా నిజం. పదకొండో రోజున మా తోటికోడలు నా భుజం పట్టుకుని "ఏడ్వవే, గట్ల బిగవట్టుకుంటే పానానికి మంచిది గాదు" అంది. నేను ఆమెను టీలో చక్కెర ఎంత వేయమంటావని అడిగాను. వేళకు ఆకలయ్యేది, వేళకు నిద్ర వచ్చేది. కిలో కందిపప్పు అడిగితే కిలోనే తూచాను, ముల్లు అటూ ఇటూ కదల్లేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లి చూసుకుంటాం కదా, నన్ను నేను అట్లా గిల్లి చూసుకునేదాన్ని. ఆయన చెప్పులు చూసేదాన్ని, కళ్ళద్దాలు తీసి పెట్టుకుని చూసేదాన్ని. ఏమీ లేదు. ఒక్కటి మాత్రం ముల్లులా ఉండిపోయింది. ఆ రెండోది ఏది? నేను మంచిగుందన్నది నిజంగా మంచిగుందా, లేక ఆఖరి మాట కూడా ఆయనకు అబద్ధమే చెప్పానా?

పరదా అట్లానే ఉంచాను. కుర్చీ కూడా తీయలేదు. దాని చుట్టూ తిరిగి నడిచేదాన్ని.

ఏడు నెలల తర్వాత ఒక ఆదివారం అన్న వచ్చాడు. గుమ్మం దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు.

"తప్పుగ అనుకోకు చెల్లే. నా వాల్వుల సెట్టు ఈడనే ఉండిపాయె. ఇన్ని దినాలు అడగబుద్ధి గాలె."

"తీస్కపోండ్రి అన్నా. కాని ఒక్క పని జెయ్యాలె. ఆయన ఎట్ల పెట్టిండో గట్లనే ఉన్నది. పరదా తియ్యకుండ నాకు రెండోది ఇనిపించుండ్రి."

జరిగింది చెప్పాను. ముప్పై ఏండ్ల నుంచి ఏది పెట్టినా వినకుండానే రెండోది అన్నానని కూడా చెప్పేశాను. అన్న గోడకున్న స్విచ్చు వేశాడు. వాల్వులు వేడెక్కాలి, పావుగంట ఆగుదాం అన్నాడు. ఆ పావుగంటలో నేను పప్పు కడిగి సన్నసెగ మీద పెట్టి వచ్చాను. వచ్చి సుద్దగుర్తుల మీదున్న కుర్చీలో కూర్చున్నాను.

మొదటిది పెట్టాడు. వీణ మోగింది. దుకాణంలో డబ్బా మూత జుయ్యిమంది. కండ్లు మూసుకుని పరీక్ష రాసేదానిలా విన్నాను. తర్వాత మీట కుడికి తిప్పి మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. అదే వీణ, అదే మూత. ఎంత చెవి పెట్టినా వెంట్రుక వాసి తేడా లేదు. నాకు భయం వేసింది. మనసుతో పాటు చెవులు కూడా మొద్దుబారిపోయాయి, ఇక నాలో ఏదీ పని చేయదు అనుకున్నాను.

"నాకేం తేడా తెలుస్తలేదన్నా."

అన్న నొసలు ముడిపడింది. "నాకు గూడ తెలుస్తలేదు చెల్లే" అన్నాడు. మీటను ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు తిప్పాడు. "వాల్వులది గిట్ల మోగదు. జర పరదా తీస్త, ఏమనుకోకు."

చీర పక్కకు జరిపాడు. మా ట్రాన్సిస్టరు ఆంప్లిఫయర్‌కు ఎర్రలైటు వెలుగుతోంది. దాని పక్కన అన్న వాల్వుల సెట్టు చల్లగా ఉంది. దాని వైరును చక్కగా చుట్టి, దుకాణంలో పొట్లాలు కట్టే పురికొసతో ముడివేసి ఉంది. ప్లగ్గు గోడకు పెట్టనే లేదు.

అన్న మోకాళ్ళ మీద కూర్చుని చెక్కపెట్టెను తిరగేశాడు. ఒకటో వైపు తీగలు, రెండో వైపు తీగలు కలిసి ఒక్క చోటికే పోయాయి. మీట ఎటు తిప్పినా మోగేది ఒక్కటే జత. అతుకు మీద చుట్టిన నల్లటేపు గట్టిపడి పెచ్చులు లేచింది. లోపల సాలెగూడు. అన్న గోటితో గీకి చూశాడు.

"ఇది మొన్నటిది గాదు చెల్లే. ఏండ్ల కిందటిది."

నాకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. వార్నీ, ఎంత గుండెలు తీసిన బంటు! ఇన్నేండ్లు ఒక్కటే డబ్బాను రెండుసార్లు మోగించి, ముందర నన్ను జడ్జి చేసి కూర్చోబెట్టి, నేను రెండోది అంటే తల ఊపి, నవ్వి...

"మరి నన్నెందుకు కూసోబెట్టినట్టు? ఏం తమాషానా?"

అన్న లేచిన టేపు పెచ్చును వేలితో అద్దాడు.

"నేను గూడ ఒకపాలి అడిగిన. మన పోలిక మధ్యాహ్నమే అయిపాయె గద, మళ్ళ చెల్లెకెందుకు బావా ఈ తిప్పలు అని. అప్పుడేమన్నడంటే, అరేయ్, మీ చెల్లె పొద్దుగాల లేస్తే మళ్ళ పండుకునేదాంక నిలవడే ఉంటది. కూసో అంటె కూసోదు. ఏది మంచిగున్నదో చెప్పు అంటె కూసుంటది, గంట సేపు, అని అన్నడు. నవ్వులాటకు అన్నడనుకున్న."

నిజమే. నేను కూర్చోను. తక్కెడ ముందు నిలబడే తింటాను, నిలబడే టీ తాగుతాను. కాళ్ళు వాచాయని డాక్టరు చెప్పినప్పుడు కూడా నిలబడే విన్నాను. ఆ ఆదివారం ఆయన రెండోది పెట్టబోయాడు. ఇంకో అర గంట కూర్చోమన్నాడు. నేను మిరపకాయల కోసం లేచిపోయాను. ఆయన మీద కోపం వచ్చింది. ఆయన కావాలనిపించింది. ఏడు నెలల్లో నాకు ఏదైనా కావాలనిపించడం అదే మొదటిసారి.

"అన్నా, మళ్ళొకసారి పెట్టు" అన్నాను.

అన్న మీట ఎడమకు తిప్పి ముల్లు మొదట్లో పెట్టాడు. ఆ రికార్డును ఎన్ని వందలసార్లు విన్నానో లెక్క లేదు. అందులో వీణ మధ్యలో ఒకచోట ఆగిపోతుందని, ఎవరో ఊపిరి తీసుకున్న చప్పుడు వస్తుందని అప్పుడే తెలిసింది. లోపలి నుంచి మాడు వాసన వచ్చింది.

"చెల్లే, పప్పు అడుగంటుతాంది."

"అంటనీ."

అన్న లేచి వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చాడు. రికార్డు ఆ వైపు అయిపోయింది. ముల్లు ఆఖరి గీతలో టక్కు టక్కుమని కొట్టుకుంటోంది. అన్న నా వైపు చూశాడు, నేను లేస్తాననుకున్నట్టున్నాడు.

"రెండోది గూడ పెట్టన్నా" అన్నాను.

అన్న మీట కుడికి తిప్పాడు.