తుమ్మలగుండం నియోజకవర్గం, రెండు మైళ్ళ దారి

1961లో వానలు వెనకబట్టే రోజుల్లో నన్ను జమ్మలమడుగు వైపు ఒక ఫిర్కాకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఫిర్కా అంటే తాలూకాలో కొన్ని గ్రామాల గుంపు. కింద కరణాల మీద అజమాయిషీ, పైన తహసీల్దారుకు జవాబుదారీ, మధ్యలో ఎండన పడి తిరగడం. ఆర్.ఐ. బతుకు అంతే. నా ఇల్లు పొద్దుటూరులో, అమ్మవారిశాల వెనక వీధిలో ఉండేది. వారానికి ఒకసారి బస్సెక్కి పోయి భార్యనూ కూతురినీ చూసి వచ్చేవాణ్ణి. ఇక్కడ ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు, చివరికి నియోజకవర్గం పేరు కూడా మార్చే రాస్తున్నాను. ఆ మనుషుల మనవళ్ళు ఇంకా ఆ ఊర్లలోనే ఉన్నారు, నాకు ఈ వయసులో కొత్త తగాదాలు వద్దు.

తుమ్మలగుండం అని ఒక శాసనసభ నియోజకవర్గం ఉండేదని ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. ఆంధ్ర రాష్ట్రం ఉన్న రోజుల్లో, 1955 ఎన్నికలకు, పొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాల అంచు గ్రామాలను ఏరి దాన్ని కూర్చారు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించి మరుగులో పెడితే ఓటరు తనకు నచ్చిన పెట్టెలో చీటీ వేసి వచ్చేవాడు. నేను అప్పుడు చిన్న గుమాస్తాను, ఆ గుర్తులకు బంక పూసింది నేనే. ఆ నియోజకవర్గం చూసింది ఆ ఒక్క ఎన్నికే. 1961లో హద్దులు మళ్ళీ గీసినప్పుడు తుమ్మలగుండం పేరు కొట్టేసి, దాని గ్రామాలను మూడు వైపులకూ పంచారు. గెజెట్‌లో అది నాలుగు వరుసల సంగతి. నియోజకవర్గం పోతే ఏడ్చేవాళ్ళు ఉండరు గానీ, చాకిరీ మాత్రం మాలాంటి వాళ్ళ నెత్తిన పడింది.

నా ఫిర్కాలో చిక్కు ఒక్కటే. వంకకొట్టాలు అనే చిన్న పల్లె ఉండేది. రికార్డు ప్రకారం అది రేగడిపల్లెకు శివారు పల్లె. 1955లో ఆ కొట్టాల జనం పక్కనున్న రాళ్ళచెలమ ఊరికి పోయి ఓటు వేశారు. ఇప్పుడు రాళ్ళచెలమ పులివెందుల వైపు పోయింది. రెవెన్యూ గ్రామాన్ని రెండు ముక్కలు చేయరాదు కనుక కొట్టాలు రేగడిపల్లెతో పాటు జమ్మలమడుగు వైపే ఉండిపోయాయి. అంటే కొట్టాల జనం ఓటు వేయాలంటే రేగడిపల్లె ఊరంచున ఉన్న బడికి రావాలి.

రాలేరు. అయిదేళ్ళ కిందట రేగడిపల్లె పెద్ద ఓబులప్ప తమ్ముణ్ణి ఎవరో నరికి చంపారు. కేసు కొట్టాల మగవాళ్ళ మీద పెట్టారు, కడప కోర్టులో అది నిలవలేదు. కోర్టు వదిలిపెట్టింది గానీ ఓబులప్ప వదిలిపెట్టలేదు. ఆనాటి నుంచి కొట్టాల మగవాడు రేగడిపల్లె పొలిమేర తొక్కలేదు.

కొట్టాలకు సొంత పోలింగు కేంద్రం ఇవ్వవచ్చు. దానికి ఒక సూచన ఉండేది: ఓటరును మూడు మైళ్ళకు మించి నడిపించరాదు. రేగడిపల్లెకు రెండు దారులు. చేల మధ్య బండిదారిన రెండు మైళ్ళు, రాళ్ళచెలమ మీదుగా గుట్ట చుట్టి వస్తే అయిదు మైళ్ళు. ఏ దారి వాడుకలో ఉందో ఆర్.ఐ. నడిచి, గొలుసుతో కొలిచి, నివేదిక రాయాలి. ఒక పల్లె జనం ఓటు వేయడమా, మానడమా అన్నది నా రెండు వరుసల రాత మీద ఆగింది.

నేను పోయిన రోజున గొలుసు లాగడానికి తలారి సుంకన్న వచ్చాడు. తలారి అంటే గ్రామ నౌకరు. మేము బయలుదేరేసరికి ఓబులప్ప గొడుగు పట్టుకుని బడి దగ్గర నిలబడి ఉన్నాడు. తెల్లని పంచె, మెత్తని మాట. రమ్మని ఎవరూ పిలవలేదు, రావద్దని అనే ధైర్యం నాకు లేదు.

"ఈ దావ మా తాతల కాలం నుంచి ఉండాది సామీ. పటంలో కూడా ఉండాది, కరణాన్ని అడుగు," అన్నాడు.

పటంలో ఉన్న మాట నిజమే. కానీ బడి పక్కన చేను గట్టు దాటాక నేల మీద లేదు. దారి ఉండవలసిన చోట రెండు ఫర్లాంగుల మేర జొన్న విత్తి ఉంది, మోకాలి ఎత్తు పైరు. అందులో మనిషి అడుగు గానీ బండి గాడి గానీ లేవు. సుంకన్న గొలుసు కింద పెట్టి నా మొహం చూశాడు. నేను ఓబులప్ప మొహం చూశాను.

ఆయన గొడుగు నా నెత్తి మీదికి జరిపాడు. "ఎండ శానా ఉంది సామీ. మీ ఇల్లు అమ్మవారిశాల ఎనకాలే గదా? మీ పాప బడికి ఒక్కతే పోతాందంట, మా వోళ్ళు సూసినారు. బంగారట్లా ఉండాదన్నారు."

ఆ మాటలో ఒక్క చెడ్డ అక్షరం లేదు. ఏ కోర్టులో చెప్పినా అది ముచ్చటే. సుంకన్నతో, లాగు, అన్నాను. గొలుసు జొన్న మీదుగానే పోయింది.

కొట్టాల మొదట్లో ఈరమ్మ అనే ముసలామె పేడతట్టతో నిలబడి ఉంది. ఏం కొలుస్తున్నారని అడిగింది. దారి కొలుస్తున్నామని సుంకన్న చెప్పాడు. "ఏ దావ?" అంది ఆమె, నన్నే చూస్తూ. వెనక ఓబులప్ప ఉన్నాడు. నేను వినబడనట్టు పుస్తకంలో అంకెలు రాసుకున్నాను. ఊళ్ళోకి పోయి నాలుగు మాటలు అడగాలన్నది నియమం. పోలేదు, వెనక్కి తిరిగాను.

"పటంలో చూపిన దారి వాడుకలో ఉన్నది. దూరము రెండు మైళ్ళు." ఇదీ నా రాత. ఆ వారం ఇంటికి పోయి నాలుగు రోజులు పాపను బడికి పంపలేదు. మా ఆవిడ ఎందుకని నిలదీస్తే ఊళ్ళో ఆటలమ్మ తిరుగుతోందని బొంకాను. తర్వాత కేంద్రాల ముసాయిదా జాబితాను తాలూకా కచేరి బోర్డు మీద అంటించారు. కొట్టాల జనం వేలిముద్రలతో అభ్యంతరం అర్జీ పంపారు. తహసీల్దారు నన్ను పిలిచి, నువ్వు నడిచి కొలిచావా అని అడిగారు. కొలిచానండి, అన్నాను. ఆ జవాబులో అబద్ధం లేదు, అదే నా సిగ్గు. అర్జీని తోసేశారు.

1962 ఫిబ్రవరిలో పోలింగు. పెట్టెల పద్ధతి పోయి, ఒకే చీటీ మీద అన్ని గుర్తులూ, రబ్బరు ముద్ర వేయడం వచ్చింది. రేగడిపల్లె కేంద్రానికి వేసిన అయ్యవారు జ్వరమని సెలవు పెట్టాడు. ఆ జ్వరం ఏ జ్వరమో మా అందరికీ తెలుసు. తహసీల్దారు నన్నే ప్రిసైడింగ్ ఆఫీసరుగా పొమ్మన్నారు. కేంద్రం అక్కడ చాలునని రాసింది నువ్వే కదయ్యా, అన్నారు. వద్దనే మొహం నాకు లేదు.

మధ్యాహ్నం దాటినా ఓటర్ల జాబితాలో కొట్టాల పుటల మీద ఒక్క గీత పడలేదు. ఓబులప్ప మనిషి ఏజెంటుగా బెంచీ మీద కూర్చుని, "ఆ కాయితాలు మడిచి పెట్టుకో సామీ, ఆడి నుంచి ఎవురొస్తారు?" అని నవ్వాడు. నిజం చెబితే నాకూ రాకపోతేనే బాగుండునని ఉంది. కాపలాకు ఉన్నది లాఠీతో ఒకే ఒక్క కానిస్టేబులు. అది కోతల కాలం. మగవాడి చేతిలో కొడవలి ఉంటే ఎందుకని అడిగేవాడు లేడు. బడి ఎదుట అరుగుల మీద కూర్చున్నవాళ్ళలో సగం మంది చేతుల్లో కొడవళ్ళు ఉన్నాయి.

మూడు గంటల వేళ కిటికీలోంచి జొన్నచేను వైపు చూశాను. జొన్న అప్పటికి మనిషిని మించి పెరిగింది. గాలి లేదు. చేను నడిమధ్య కంకులు కదులుతున్నాయి, ఒకే వరసలో, మా వైపే. అరుగుల మీదివాళ్ళూ చూశారు. ఒక్కొక్కరే లేచి చేను గట్టుకు పోయి నిలబడ్డారు. ఓబులప్ప కూడా లేచాడు. ఆ రెండు ఫర్లాంగుల దారి రాసింది నేను. ఈ పూట అక్కడ తల తెగితే అది నా చేతి రాత వల్లనే. వరండా దాకా పోయి ఆగిపోయాను. కానిస్టేబులు నా వెనక నిలబడ్డాడు. అతను నాకు కాపలానో, నేను అతనికి కాపలానో తెలియలేదు.

చేనులోంచి ముందు ఈరమ్మ వచ్చింది. ఆమె వెనక అందరూ ఆడవాళ్ళే, నలభైకి ఇద్దరు తక్కువ. ఒకామె నిండు చూలాలు. జొన్నాకులు కోసుకుపోయి అందరి చేతుల మీదా ఎర్రటి గీతలు. ఒక్క మగవాడు లేడు. మా వైపు ఎంత పగ ఉన్నా ఆడవాళ్ళ జోలికి పోరన్న కట్టుబాటు ఉండేది. ఆ కట్టుబాటును నమ్ముకుని వచ్చారు. కానీ దాన్ని ఇంతమందిని పెట్టి అంతకు ముందు ఎవరూ పరీక్షించలేదు.

గట్టు మీదివాళ్ళు దారి ఇవ్వలేదు. ఈరమ్మ వాళ్ళను చూడలేదు, ఓబులప్పను చూసింది.

"ఓబులప్పా, దావ ఉండాదని నువ్వు సెప్పినావు. ఆ సామి రాసినాడు. ఉండే దావలోనే నడిచొచ్చినాం. లేదంటావా, ఇప్పుడే ఈ సామి ముందర సెప్పు, తిరిగి పోతాం."

అందరూ నా వైపు తిరిగారు. ఓబులప్ప కూడా తిరిగాడు. దారి లేదంటే, ఇన్నాళ్ళూ పట్టుబట్టి నాతో రాయించినది బొంకని ఏజెంట్ల ముందు ఒప్పుకోవాలి. ఆయన గట్టు మీదివాళ్ళ వైపు తిరిగి, "జరగండ్రా," అన్నాడు.

ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. గుర్తింపు కోసం భర్త పేరు అడగాలి, వాళ్ళు చెప్పరు. నేను జాబితాలోంచి చదివితే తల ఊపారు. ఏజెంటు ఒక్కరి మీదా అభ్యంతరం పెట్టలేదు. వేళ్ళకు సిరా పూసుకుని, ముద్రలు వేసి, అందరూ కలిసే బయటకు వచ్చారు.

పెట్టెకు సీలు వేసేదాకా ఆగండి, కానిస్టేబులును తోడు పంపుతాను అని ఈరమ్మను బతిమాలాను. ఆమె చిరాకు పడింది. "మా మొగోళ్ళు ఆడ కూసోని సూస్తాంటారు. పొద్దు గుంకేలోపల మేం పోకుంటే వాళ్ళు ఈడికొస్తారు. వచ్చినారంటే ఏమైతాదో నీకు తెల్దా?" అంది.

తెలుసు. పెట్టె వదిలి నేను పోరాదు, కానిస్టేబులూ పోరాదు. ఎవరూ చెప్పకుండానే సుంకన్న పైపంచె తలకు చుట్టుకుని వాళ్ళ ముందర నడిచాడు. రేగడిపల్లెలో బతకవలసినవాడు, పెళ్ళాం బిడ్డలున్నవాడు. నేను లక్క కరిగిస్తూ కిటికీలోంచి కంకుల కదలికనే చూస్తూ కూర్చున్నాను. కరిగిన లక్క వేలి మీద పడిన సంగతి తర్వాత గానీ తెలియలేదు. పొద్దు వాలుతుండగా సుంకన్న తిరిగి వచ్చి, "సేరినారు సామీ," అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. సీలు చూసుకుంటున్నట్టు పెట్టె మీదికి వంగాను.

మరుసటి వారం తహసీల్దారుకు రాసుకున్నాను: దారి వాడుకలో లేదు, నా మొదటి నివేదిక తప్పు, భయపడి రాశాను. ఆయన తల పట్టుకున్నారు. గొడవ లేకుండా అయిపోయింది కదయ్యా, ఇప్పుడెందుకు గెలుకుతావు, అన్నారు. నేను కాగితం వెనక్కి తీసుకోలేదు. విచారణకు డివిజన్ అధికారి వచ్చారు. ఆయన్ను తీసుకుపోయి చేను చూపించబోతే నా తల తిరిగింది. జొన్నలో రెండడుగుల వెడల్పున చక్కని కాలిబాట ఉంది. రానూ పోనూ తొక్కిన అన్ని కాళ్ళకు పైరు పడిపోయి, మట్టి గట్టిపడింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, దారి ఉంది కదా, మీ మొదటి నివేదికే సరైనట్టుంది, అన్నారు.

చేను ఇవతలి గట్టున, కొట్టాల వైపు, ఈరమ్మ ఉంది. ఇది మీరు వాడే దారేనా అని అడిగారు.

"ఒక్క తూరి నడిచినాం సామీ," అంది ఈరమ్మ. "రెండో తూరి నడవమంటే ముందర నువ్వు నడువు."

ఆ అధికారి బాట మీద రెండడుగులు వేశారు. చేను అవతలి గట్టున కొడవళ్ళతో నిలబడి చూస్తున్న కోతవాళ్ళను చూశారు. రుమాలు తీసి మెడ తుడుచుకుని, జీపు రాళ్ళచెలమ మీదుగా తిప్పమన్నారు.

తర్వాతి ఎన్నికలకు వంకకొట్టాలకు సొంత కేంద్రం వచ్చింది. నాకు మెమో, సర్వీసు రిజిస్టరులో ఒక మందలింపు, పెండ్లిమర్రికి బదిలీ వచ్చాయి. మూడూ న్యాయమే. సుంకన్నకు ఏ కాగితమూ రాలేదు.

భయం ఆ తర్వాతా నన్ను వదల్లేదు. నేర్చుకున్నది పనికి సంబంధించినది. మా నివేదికలో దూరానికి ఒక గడి, దారికి ఒక గడి ఉండేవి, ఆ దారిన నడిచేది ఎవరన్న గడి ఉండేది కాదు. పదవీ విరమణ దాకా ఆ మూడో గడి నేనే చేత్తో గీసుకుని, నడిచేవాళ్ళ పేరు రాసి, పక్కన వాళ్ళ వేలిముద్ర వేయించుకున్నాను. ఎవరూ దొరక్కపోతే దారి లేదని రాశాను.