ఇమేజ్ ఈక్వల్ టు ఇమేజ్

నా ఫిజిక్స్ నోట్సును వెబ్ పేజీలో పెట్టిన రోజు గర్వంతో నా కాళ్ళు నేలమీద నిలవలేదు. పాత ఫోన్లలో ఖాళీ డబ్బాలుగా కనబడతాయేమోనని సూత్రాల్లోని లాంబ్డా, మ్యూ లాంటి గుర్తులన్నిటినీ, మామూలు అక్షరాలతో సహా, బొమ్మలుగా అతికించాను. నేను ఫిజిక్స్ చెప్పే క్లాసులో చూపులేని అమ్మాయి ఒకతె ఉంది. పాఠాలను ఆమెకు ఫోనే చదివి వినిపిస్తుంది.

"మేడం, సూత్రం కాడికి రాగానే 'ఇమేజ్ ఈక్వల్ టు ఇమేజ్ బై ఇమేజ్' అంతందండి. ఏటి బొమ్మలండి అవి, కోడిపుంజులా?" అంది.

నన్ను నేనే తిట్టుకుంటూ ఆదివారమంతా కూర్చుని, ఒక్కో బొమ్మనూ పీకేసి అసలు గుర్తునే టైపు చేశాను. ఫోను పలకడానికి దాని పేరు కూడా జతచేశాను.

సోమవారం చింతపల్లి జీపులో ఆమే నేనూ ఇరుక్కుని కూర్చున్నాం. ఘాట్ మలుపులో సిగ్నల్ తగలగానే ఆమె ఫోను నా పేజీని గట్టిగా చదివింది: "లాంబ్డా ఈక్వల్ టు వి బై ఎఫ్!"

ఆమె కేక పెట్టింది. నేను ఇంకా గట్టిగా పెట్టాను. ఎందుకో తెలియకపోయినా జీపులో అందరూ చప్పట్లు కొట్టేశారు.

మిరియాల మూట మీద కూర్చున్న ముసలమ్మ ఆమె భుజం తట్టింది. "ఏటే గుంటా, పాసయిపోనావేటి?"

"నాను కాదు మామ్మా, మా మేడం!"